మూడో దెబ్బ

యూదులున్న ప్రతి ఊళ్ళోనూ, తెల్లవారుజామున ప్రార్థనకి లేపే మనిషి తలుపు మీద కొయ్యసుత్తితో మూడుసార్లు కొడతాడు. మా ఎషెన్‌రోడ్‌లో మాత్రం రెండుసార్లే కొడతాడు. ఇది చిన్న విషయమని అనుకునేవాళ్ళు మా ఊరు రాకపోవడమే మంచిది. టర్కీవాడు కాన్‌స్టాంటినోపుల్ పుచ్చుకున్నప్పుడు మా ప్రార్థన మందిరం అరుగు మీద ఎవరూ గొంతు పెంచలేదు. ఇద్దరు పోపులు ఒకరి తరవాత ఒకరు పోయారు, దానికీ పెంచలేదు. రెండు దెబ్బల విషయంలో మాత్రం ఇద్దరు రబ్బీలు పదకొండేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఎందుకంటే మిగతా లోకంలో రెండు దెబ్బలకి వేరే అర్థం ఉంది. మూడంటే, లేవండి, ప్రార్థనకి వేళైంది అని. రెండంటే, వీధిలో ఎవరో పోయారు అని. మూడో దెబ్బ పడకపోతే మంచం మీది మనిషి కాలు కింద పెట్టకుండానే "ఎవరు?" అని అడుగుతాడు. అలాంటిది మేము రోజూ, పెళ్ళి రోజుల్లో కూడా, చావు కబురుతో నిద్ర లేస్తున్నాం. నిజంగా ఎవరైనా పోతే ఒక్కటే కొడతాం. పై ఊరి చుట్టాలు మొదటి రోజు పొద్దున్నే ఏడవడానికి సిద్ధపడి మేడ దిగి రావడం, మేము వాళ్ళకి ఉడుకు గంజి పెట్టి కూర్చోబెట్టడం మాకు మామూలే.

దీనికి మూడు కారణాలు చెప్తారు. పెద్ద రబ్బీగారి ప్రకారం, మా పెద్దల్ని గ్రౌన్‌ఫెల్డ్ ఊరినుంచి వెళ్ళగొట్టారు కనుక, అక్కడి మా వీధి చచ్చిపోయింది కనుక, ఆ వీధికి మేము రోజూ మైల పాటిస్తున్నాం. చిన్న రబ్బీగారి ప్రకారం అది వీధికి కాదు, కునీ అనే క్రైస్తవ ముసలమ్మకి. మనవాళ్ళు కానివాళ్ళకి చావు దెబ్బ కొట్టే ఆచారం లేదు కాబట్టి, పేరు చెప్పకుండా రోజూ కొట్టే ఏర్పాటు చేశారట. అక్షరాలకి అంకెలు కట్టేవాళ్ళ ప్రకారం, ఆజ్ఞలు చెక్కిన పలకలు రెండు, లోకాలు రెండు, ఇంకా చాలా రెండ్లు ఉన్నాయి.

మూడూ గొప్ప కారణాలే. కాదనడానికి నాకు అంత చదువు లేదు. ఆ రెండు దెబ్బలు మొదలుపెట్టిన ఫైవిష్ మా నాయనమ్మకి పెదనాన్న. ఆవిడ చెప్పగా విన్న అతని బతుకు మాత్రం నాకు కొంత తెలుసు.

ఫైవిష్ పుట్టి పెరిగింది గ్రౌన్‌ఫెల్డ్‌లోనే. అక్కడ మావాళ్ళవి ఇరవై మూడు ఇళ్ళు, ఒకటే వీధి, ఆ వీధికి ఒకటే గేటు. తండ్రి పోయిన మర్నాడు సుత్తి చేతికొచ్చింది, ముప్ఫై ఒక్కేళ్ళు కొట్టాడు. మందిరం ఊడవడం, దీపాలు పెట్టడం, గొయ్యి తవ్వడం కూడా అతని పనులే గాని, వాటిని అతను పనులుగా లెక్కపెట్టేవాడు కాదు. సుత్తి పనే పని. ఏ తలుపు ఏ చెక్కో, ఏది వానకి ఉబ్బుతుందో, ఎక్కడ కొడితే మొగుడు లేస్తాడో, ఎక్కడ కొడితే పెళ్ళాం లేచి మొగుణ్ణి లేపుతుందో అతనికి తెలుసు. ప్రతి తలుపు మీదా ఒకే చోట కొట్టడంవల్ల ఇరవై మూడు తలుపులకీ ఇరవై మూడు సొట్టలు. అది తన సంతకం అన్నట్టు చూసుకునేవాడు.

భార్య బ్రూన్లాకి ఆ సంతకం మీద గౌరవం లేదు.

"ఊరందర్నీ లేపుతావు. నీ ఇంట్లో కుండ కింద నిప్పు మాత్రం నేనే లేచి రాజెయ్యాలి," అనేది.

"నీ తలుపు కూడా కొడతా కదే."

"బయటనుంచి కొడతావయ్యా. వెళ్ళేటప్పుడు లోపల్నుంచి ఒక్క పుల్ల ఎగదోసి వెళ్ళొచ్చుగా."

సబ్బాతు రోజు మాత్రం ఈ గొడవ ఉండేది కాదు. శుక్రవారం పొద్దుగూకేసరికి పనిముట్లన్నీ పక్కన పెట్టాలి. సుత్తి మందిరం గుమ్మం పక్కన మేకుకి వేలాడేది. మర్నాడు సాయంత్రం చుక్కలు పొడిచేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. శనివారం పొద్దున్న ఫైవిష్ వట్టి చేతులతో నడుస్తూ నోటితోనే పిలిచేవాడు. అతని గొంతు బాగుండేది కాదు. సుత్తే నయమని వీధంతా అనుకునేది.

నిప్పు కూడా అంతే. ఆ రోజు మేము రాజెయ్యకూడదు. చలిదేశం కనుక, వేరే మతంవాళ్ళు వచ్చి పొయ్యి ముట్టిస్తే ఫరవాలేదని పాతకాలపు రబ్బీలు దయ తలిచారు. ఆ దయకి గ్రౌన్‌ఫెల్డ్‌లో పేరు కునీ. అరవై దాటిన విధవ. మా గేటుకి ఆనుకుని, బయటి పక్క, ఆమె ఇల్లు. ఒక కిటికీ మాత్రం మా వీధిలోకే. శనివారం చీకటితో నిప్పుల కుండ పట్టుకుని వచ్చి ఇరవై మూడు పొయ్యిలూ ముట్టించి వెళ్ళేది. మొదటి పొయ్యి ఫైవిష్ ఇంటిదే. అప్పటికి మెలకువగా ఉన్న మగవాడు వీధి మొత్తానికి అతనొక్కడే కాబట్టి.

"ఏం ఫైవిషూ, ఇవాళ సుత్తికి సెలవా?" అనేది ప్రతివారం, అదే మొదటిసారి అన్నట్టు.

"దానికి సెలవు. నాకు కాదు."

"మీ దేవుడు ఏడో రోజు పని మానేశాడంటారు గదా. మరి ఆ రోజు ఆయన పొయ్యి ఎవరు ముట్టించారో."

"నీలాంటి ముసల్ది ఎవరో ఉండే ఉంటుంది. గ్రంథంలో రాయలేదు."

"మావి ఎవరు రాస్తార్లే," అని నవ్వి, బ్రూన్లా గుడ్డ కప్పి ఉంచిన జడరొట్టె ముక్క కొంగున కట్టుకుని పక్కింటికి వెళ్ళేది.

మా లెక్కలో అయిదువేల నూట ముప్ఫై ఏడో సంవత్సరం, పస్కా పండుగకి ముందటి సబ్బాతు. ఆ రోజు కునీ రాలేదు.

ఫైవిష్ వీధంతా పిలుచుకుంటూ తిరిగాడు. జనం కోట్ల మీద కోట్లు వేసుకుని చల్లటి ఇళ్ళలోంచి చల్లటి మందిరంలోకి వెళ్ళారు. ప్రార్థనలో దగ్గు ఎక్కువ, మాట తక్కువగా ఉంది. తిరిగొచ్చాక బ్రూన్లా చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంది.

"కునీ ఏమైంది?"

"నిద్రపట్టేసి ఉంటుంది."

"అరవై ఏళ్ళ మనిషికి పొద్దెక్కేదాకా నిద్రపట్టడం ఏమిటయ్యా. వెళ్ళి చూసిరా."

అతను గేటు దాటి వెళ్ళి కునీ గుమ్మం ముందు నిలబడి పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు పిలిచాక కిటికీ తెరుచుకుంది. లోపల్నుంచి చూసింది కునీ కాదు, ఊట్స్. కునీ మొగుడికి తమ్ముడు, ఏటికి అవతల సారాకొట్టు నడిపేవాడు.

"వదిన లేదు. చీకటితోనే ఎటో పోయింది," అన్నాడు ఊట్స్.

"నిప్పు తేలేదు," అన్నాడు ఫైవిష్.

"తేలేదేమో," అని ఊట్స్ కిటికీ మూశాడు.

మధ్యాహ్నానికి తోళ్ళు పదునుచేసేవాళ్ళ కాలవలో కునీ శవం దొరికింది. తల వెనక దెబ్బ ఉంది.

పస్కా దగ్గర పడితే మావాళ్ళు క్రైస్తవ పిల్లల రక్తం పులియని రొట్టెల్లో కలుపుతారని ఒక కథ ఈ దేశాల్లో చాలాకాలంగా తిరుగుతోంది. ఆ రొట్టెలో పిండీ నీళ్ళూ తప్ప ఉప్పు కూడా వెయ్యం, దాని రుచే అందుకు సాక్ష్యం; కాని సాక్ష్యం తిని చూసినవాడు ఎవడూ లేడు. ఆ కథ అసలు పసిపిల్లల కొలతకి కుట్టిన చొక్కా. దాన్ని అరవై ఏళ్ళ ఆవిడకి తొడగడానికి గ్రౌన్‌ఫెల్డ్ సంతవాళ్ళు సాయంత్రం దాకా తంటాలు పడ్డారు. ముసలి రక్తం చిక్కగా ఉంటుందని ఒక చెప్పులవాడు చెప్పాక అందరికీ సరిపోయింది. చీకటి పడకముందే మా వీధి గేటుకి బయటనుంచి తాళం పడింది. ఫైవిష్‌ని తీసుకుపోయారు.

అతన్నే ఎందుకు తీసుకుపోయారో వీధిలో ఎవరికీ చెప్పలేదు. మా పెద్ద ఆన్షెల్ వెళ్ళి అడిగితే, సాక్ష్యం ఉంది, అది రహస్యం అన్నారు. న్యాయాధికారి గెర్లాఖ్ దొర చెడ్డవాడని మా నాయనమ్మ కూడా అనేది కాదు. పద్ధతి గల మనిషి అనేది. పద్ధతి ప్రకారం సాక్ష్యం రాయించాడు, పద్ధతి ప్రకారం తాడు తెప్పించాడు.

సాక్ష్యం ఊట్స్‌ది. అతను చెప్పింది ఇది: "తెల్లవారకముందే వదినకి కొంచెం ద్రాక్షసారా ఇద్దామని వెళ్ళాను. ఇంట్లో లేదు. వస్తుందేమోనని కిటికీ దగ్గర కూర్చున్నాను. అంతలో యూదుల లేపుడుగాడు వీధిలో తలుపులు కొట్టుకుంటూ వచ్చాడు. తలుపుకి రెండేసి దెబ్బలు. మూడైతే ప్రార్థనకి, రెండైతే చావుకి అని ఊళ్ళో అందరికీ తెలుసు. వాళ్ళ వీధిలో ఆ రోజు ఎవరూ చావలేదు. మరి శవం దొరక్కముందే వాడు ఎవరి చావు చాటుతున్నట్టు? ఆ తరవాత వాడే వచ్చి, ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో అని పిలిచి చూశాడు."

ఒప్పుకోక తప్పదు, బాగా కట్టిన మాట. గెర్లాఖ్ దొర కూడా మెచ్చుకున్నాడట. రెండు దెబ్బలంటే వీధి మొత్తానికి తెలిసిన చావు. అంటే వీధి మొత్తం చేసిన పని. ఫైవిష్ నోటంట 'రెండు' అన్న మాట ఒక్కటి వస్తే, ఇరవై మూడు ఇళ్ళకీ ఒకేసారి నిప్పంటించొచ్చు. దానికి ముందుగానే కట్టెలు గేటు దగ్గర పేర్చారు. వీధిలోంచి చూస్తే కనపడేలా.

మొదటి రోజు చేతులు వెనక్కి కట్టి, ఆ కట్టుకి తాడు వేసి, తాడుని దూలం మీదినుంచి లాగారు.

"కునీ పోయిన పొద్దున తలుపు మీద ఎన్ని కొట్టావు?"

"ఒక్కటీ కొట్టలేదు దొరా."

"రెండా మూడా అని అడుగుతున్నాను."

"ఒక్కటీ లేదు."

రెండో రోజూ అదే. మూడా రెండా అంటే ఒక్కటీ లేదనేవాడు నిజం చెప్పేవాడి కిందికి రాడు, మొండివాడి కిందికి వస్తాడు. మొండివాళ్ళకి తాడు ఇంకో జానెడు పైకి లాగాలని వాళ్ళ పద్ధతుల పుస్తకంలో ఉంది. గెర్లాఖ్ దొర మెల్లగానే చెప్పాడు:

"చూడు ఫైవిష్. నువ్వు ముసలాడివి అవుతున్నావు. రెండు అను. ఒక్క మాట. తాడు విప్పేయిస్తాను."

ఫైవిష్‌కి కట్టెల సంగతి తెలుసు. తనని గేటు దాటించి తెస్తున్నప్పుడే అవి బండి దిగుతుంటే చూశాడు. "ఒక్కటీ లేదు," అన్నాడు. మూడో రోజు అతని కుడి భుజంలోంచి ఏదో చప్పుడు వచ్చిందని, తను కొట్టిన ఏ తలుపూ అలా మోగలేదని తరవాత ఎప్పుడో ఒకసారి చెప్పాడట. అంతకుమించి ఆ గది గురించి చెప్పలేదు.

నాలుగో రోజు బ్రూన్లాని చూడ్డానికి రానిచ్చారు. ఊచల కిటికీ, ఇవతల ఆవిడ, అవతల అతను. ఏం మాట్లాడుకుంటారో వినడానికి కోర్టు రాయసగాడు లోరెన్స్ పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ సిరా వేళ్ళు, ఎవరు చెప్పింది వాళ్ళు చెప్పినట్టే రాస్తాడని పేరు.

బ్రూన్లా మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. తరవాత, "చొక్కా చినిగిందేం," అంది.

"లాగారు."

"ఏం అడుగుతున్నారయ్యా నిన్ను?"

"ఎన్ని కొట్టావని."

"ఎన్ని ఏం కొట్టావని?"

"తలుపుల మీద. సబ్బాతు పొద్దున్న. రెండా మూడా అని."

బ్రూన్లా ఊచలకి దగ్గరగా జరిగింది. "నువ్వేం చెప్పావు?"

"ఒక్కటీ కొట్టలేదన్నా."

"ఎందుకు కొట్టలేదో చెప్పావా?"

"చెప్పడమేమిటే. శనివారం గదా."

"శనివారం అని వాళ్ళకి చెప్పావా, లేదా?"

"శనివారం అని వాళ్ళకి తెలీదా ఏమిటి? వాళ్ళకీ వారాలు ఏడే."

అప్పుడు బ్రూన్లా ఊచలు పట్టుకుని తిట్టిన తిట్లు మా కుటుంబంలో తరతరాలుగా భద్రంగా ఉన్నాయి. అన్నీ ఇక్కడ రాయడం కుదరదు. "ముప్ఫై ఏళ్ళు ఊరిని లేపావు, నీ బుర్ర మాత్రం ఒక్కనాడూ లేవలేదు కదయ్యా," అన్నది వాటిలో కాస్త మెత్తనిది. "సబ్బాతు నాడు సుత్తి మేకు దిగదని మనకి తెలుసు. ఆ దొరకి ఎవరు చెప్తారు, మేకు చెప్తుందా? మూడు రోజులు దూలానికి వేలాడి, ఆ ఒక్క మాట మింగేశావు గదయ్యా."

"అంత మాట కూడా తెలీకుండా ఉంటారని నేననుకోలేదే," అన్నాడు ఫైవిష్. నిజంగానే అనుకోలేదు. అడుగుతున్నది వేరే పొద్దుటి గురించేమోనని మొదటి రోజు, తనని వెక్కిరిస్తున్నారేమోనని రెండో రోజు అనుకున్నాడట. శనివారం నాడు సుత్తి మోగదన్న సంగతి, ఏటిలో నీళ్ళున్నాయన్నంత మామూలు సంగతి అతనికి. దాన్ని సాకుగా చెప్పుకోవాలని తోచలేదు.

లోరెన్స్ పీట మీదినుంచి లేచాడు.

"ఏమన్నావమ్మా? మేకు సంగతి మళ్ళీ చెప్పు."

బ్రూన్లా చెప్పింది. అతను రాసుకున్నాడు. తరవాత సిరాబుడ్డి మూత పెట్టి, "యూదుల మాట యూదులే చెప్తే కోర్టులో నిలవదు," అన్నాడు. "ఇంకెవరైనా చెప్పాలి. ఆ సుత్తి రోజూ వినేవాడు, మీవాడు కానివాడు."

ఆ సాయంత్రం లోరెన్స్ మా వీధి చుట్టుపక్కల ఇళ్ళన్నీ తిరిగాడు. ఎవరికీ ఏమీ తెలీదు. ముప్ఫై ఏళ్ళుగా చెవి పక్కన మోగిన సుత్తిని ఎవరూ ఎప్పుడూ వినలేదు. చివరికి మా గోడకి అవతల పక్క రొట్టెలు కాల్చే వెల్టిన్ దగ్గరికి వెళ్ళాడు. వెల్టిన్ కూడా విన్లేదన్నాడు. కాని అతని మొహం పిండి పూసుకుని కూడా ఎర్రగా కనిపించడంతో లోరెన్స్ మర్నాడు కోర్టుకి రమ్మని కాగితం ఇచ్చాడు.

కోర్టులో వెల్టిన్ శిలువ మీద చెయ్యి పెట్టించాక నిజం చెప్పాడు.

"దొరా, ఇది మా రొట్టెలవాళ్ళ సంఘానికి తెలిస్తే నా పరువు పోతుంది. నేను నడిరేయి లేచి మొదటి వాయి పెడతాను. అది అయ్యాక రెండో వాయి పొయ్యిలో పెట్టి కాసేపు బస్తాల మీద నడుం వాలుస్తాను. యూదుల సుత్తి మోగగానే లేచి రొట్టె తీస్తాను. సరిగ్గా అప్పటికే కాలుతుంది."

"రోజూనా?"

"రోజూ. శనివారం తప్ప."

"శనివారం ఏం?"

"శనివారం సుత్తి మోగదు. నేను లేవను. రొట్టె మాడుతుంది."

గ్రౌన్‌ఫెల్డ్‌లో శనివారం రొట్టె మాడి ఉంటుందన్నది చిన్నా పెద్దా అందరికీ తెలిసిన విషయమే. నగర సభలో దాని మీద మూడుసార్లు ఫిర్యాదులు చదివారు. పిండి మంచిది కాదని ఒక కమిటీ, కట్టెలు పచ్చివని ఇంకో కమిటీ తేల్చాయి. వెల్టిన్ భార్య మాత్రం శుక్రవారం రాత్రి మొగుడు తాగుతాడని నమ్మి, ఇరవై ఏళ్ళుగా అతనితో శనివారాలు మాట్లాడ్డం మానేసింది. గెర్లాఖ్ దొర కూడా ఇరవై ఏళ్ళుగా ఆ మాడు గీక్కునే తింటున్నాడు.

"కునీ పోయిన శనివారం రొట్టె?" అన్నాడు దొర.

"బొగ్గు," అన్నాడు వెల్టిన్. "మీ ఇంటికి పంపింది కూడా."

దొర తలూపాడు. అతనికి గుర్తుంది.

అప్పుడు లోరెన్స్ ఊట్స్ సాక్ష్యం మళ్ళీ మొదట్నించీ చదివాడు, గొంతు పెంచకుండా. సుత్తి మోగలేదు కనుక సుత్తి విన్నానన్న మాట కొట్టేశాడు. దాన్ని కొట్టేశాక కాగితం మీద మిగిలింది ఒకటే: తెల్లవారకముందు ఊట్స్ కునీ ఇంట్లో ఉన్నాడు. ఆ మాట ఎవరూ బలవంతం చెయ్యకుండా అతనే రాయించాడు. రాయించక తప్పలేదు; కిటికీలో అతన్ని ఫైవిష్ చూశాడు. ఫైవిష్ నోరు విప్పేలోగా ఫైవిష్‌నే దోషిని చెయ్యాలి, అందుకు తను అక్కడ కూర్చుని ఏదో ఒకటి విని ఉండాలి. ఏటికి అవతలనుంచి వచ్చినవాడు, రెండు దెబ్బల సంగతి తెలుసు, సబ్బాతు మేకు సంగతి తెలీదు.

ఊట్స్‌కి తాడు చూపించారు. చూపించడంతోనే సరిపోయింది. ఆ ఇల్లు తన పీపాలు పెట్టుకోడానికి కావాలన్నాడట. తన తరవాత గుడికి రాసిచ్చేశానని కునీ అందట. తోశాడు, తల పొయ్యిగట్టుకి తగిలింది. అప్పటికి ఆమె కుండలో నిప్పులు నింపుకుని మా వీధికి బయల్దేరబోతోంది. ఆ కుండ తరవాత ఆ పొయ్యి పక్కనే దొరికింది. బూడిదైపోయి ఉంది.

ఊట్స్‌ని ఊరి బయట ఉరి తీశారు. ఫైవిష్‌ని వదిలేశారు. బ్రూన్లా అతన్ని పిండిబండి మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చింది; బండి వెల్టిన్‌ది. పస్కా పొద్దు అప్పటికి రెండు రోజుల్లోకి వచ్చింది. గేటు దగ్గర కట్టెలు తీసేశారు. మేము గెలిచామని వీధిలో కొందరు అనుకున్నారు. ఆన్షెల్ మాత్రం ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు.

"కేసు తేలిపోయింది గదా, ఆన్షెల్ బాబాయ్," అన్నారు కుర్రవాళ్ళు.

"తేలింది. నిందవేసినవాళ్ళు మన మొహాలు రోజూ చూడాలి కదరా ఇప్పుడు. ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు?"

ఆరు వారాలు ఓర్చుకున్నారు. తరవాత నగర సభ ఒక కాగితం పంపింది. అందులో మా తప్పేమీ లేదని స్పష్టంగా రాశారు. ఇలాంటి నిందలు మళ్ళీ పుట్టి ప్రజల శాంతికి భంగం కలగకుండా, యూదుల క్షేమం కోసమే, ద్రాక్షకోతలకి ముందు వాళ్ళు ఊరు విడిచి వెళ్ళాలని కూడా అంతే స్పష్టంగా రాశారు. దస్తూరి లోరెన్స్‌ది. చాలా అందమైన దస్తూరి.

ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు బయల్దేరారు. తలుపులు మోసుకెళ్ళడానికి వీల్లేదు కదా. ఆ ఇళ్ళలో దిగినవాళ్ళు ప్రతి తలుపు మీదా ఒకే ఎత్తున ఉన్న సొట్ట చూసి, ఏదో పాత అల్లర్లలో గొడ్డలి దెబ్బలు కాబోలు అనుకున్నారని విన్నాం. వెల్టిన్ రొట్టె వారానికి ఏడు రోజులూ మాడటం మొదలైందని కూడా విన్నాం. ఇది నిజమో, మావాళ్ళు ఆశపడి చెప్పుకున్నదో నాకు తెలీదు.

బండి గేటు దాటుతుంటే ఫైవిష్ ఆపమన్నాడు. దిగి కునీ గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపుకి తాళం ఉంది, కిటికీకి గుడివాళ్ళు మేకులు కొట్టారు. సుత్తి అతని నడుముకి వేలాడుతోంది. మామూలు రోజే, మంగళవారం.

"మనవాళ్ళు కానివాళ్ళకి ఆ లెక్క లేదు, ఫైవిష్," అన్నాడు ఆన్షెల్ బండి మీదినుంచి. మెత్తగానే అన్నాడు.

"తెలుసు," అన్నాడు ఫైవిష్. కొంతసేపు నిలబడి వచ్చి బండెక్కాడు. కొట్టలేదు.

ఎషెన్‌రోడ్‌లో మాకు వీధి దొరికేసరికి చలికాలం వచ్చింది. మందిరంగా వాడుకోడానికి ఒక మేడ మీది గది. కొత్త లేపుడుమనిషిని పెట్టుకుందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఫైవిష్ మొదటి రోజు సుత్తి తీసుకుని చీకట్లో బయల్దేరాడు. కొత్త తలుపులు, దేని చెక్క ఏదో తెలీదు. మొదటి తలుపు ఆన్షెల్‌ది. రెండు దెబ్బలు వినపడ్డాయి. ఆన్షెల్ కాళ్ళకి జోళ్ళు లేకుండా బయటికి వచ్చాడు.

"ఎవరు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. ప్రార్థనకి."

రెండో ఇంట్లోంచి ఎవరు అన్నారు, మూడో ఇంట్లోంచీ అన్నారు. వారం రోజులు వీధంతా అలా జోళ్ళు లేకుండా బయటికొచ్చింది. తరవాత జోళ్ళు తొడుక్కునే వచ్చింది. ఎవరూ అతన్ని ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో అని భయమో, చెప్పకుండానే తెలుసనుకున్నారో. అతను బతికిన ఇంకో తొమ్మిదేళ్ళూ రెండే కొట్టాడు. తరవాత సుత్తి పట్టినవాడు అతని దగ్గర నేర్చుకున్నవాడే కనుక రెండే కొట్టాడు. ఆ తరవాతివాడు ఆచారమని కొట్టాడు. ఆపైన రబ్బీలు వచ్చారు.

మా నాయనమ్మ చిన్నప్పుడు ఒక్కసారి బ్రూన్లాని అడిగిందట: "పెద్దమ్మా, పెదనాన్న రెండే ఎందుకు కొడతాడు? గ్రౌన్‌ఫెల్డ్ కోసమా, కునీ కోసమా?"

బ్రూన్లా పిండి కలుపుతోంది. చేతులు ఆపలేదు.

"మూడోసారి చెయ్యి లేవదమ్మా ఆయనకి," అంది.